అబ్బాయి డీజిల్ ఇంజన్లే చదువుతానంటున్నాడు, చదివించవచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. చాలా ఏళ్లుగా చెన్నై మాధవరంలో లారీల డీజిల్ పంపులు, నాజిళ్లు సర్వీసు చేసే షాపు నడుపుతున్నాను. మా అబ్బాయి ఇక్కడే మెకానికల్ ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. డీజిల్ ఇంజెక్షన్, పొగ నియంత్రణ మీదే ఎంఈ చేస్తానని పట్టుబట్టాడు. బంధువులేమో "డీజిల్ పని అయిపోయింది, ఇక అన్నీ కరెంటు బళ్లే, సాఫ్ట్‌వేర్‌లోకి పంపు" అంటున్నారు. షాపుకి వచ్చే పని కూడా మునుపటిలా లేదు. ఏం చేయమంటారు?

జవాబు: చదవనివ్వండి. కాకపోతే ఒక షరతు పెట్టండి. ఇంజన్‌ని నడిపించే ఈసీయూ అనే కంప్యూటర్ వైపు, అంటే దానిలోని అంకెలు సరిచేసే క్యాలిబ్రేషన్, కంట్రోల్స్ వైపు వెళ్తానంటేనే సరేననండి. ఉత్త ఇంజన్ డిజైన్ చదివి ఉద్యోగం వెతుక్కోవడం ఈ రోజుల్లో కష్టం.

ముందు మీ బంధువుల మాట తీసుకుందాం. వాళ్ల భయంలో నిజం ఉంది. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు ఆపేసింది. మీకు దగ్గర్లోని వ్యాసర్పాడి డిపోలోనే 2025లో ఎలక్ట్రిక్ సిటీ బస్సులు మొదలయ్యాయి. చిన్న కార్లలో, సిటీ బస్సుల్లో డీజిల్ మళ్లీ పుంజుకుంటుందని నేననుకోను. కానీ జీఎన్‌టీ రోడ్డు మీద రాత్రంతా నడిచే కంటైనర్ లారీలు, మన నెల్లూరు పొలాల్లో దిగే వరికోత మిషన్లు, పెద్ద ట్రాక్టర్లు, జేసీబీలు, ఆస్పత్రుల జనరేటర్లు ఉన్నాయి కదా. అవి ఒకటి రెండేళ్లలో బ్యాటరీకి మారేవి కావు. పైగా నిబంధనలన్నీ ఇప్పుడు వాటి మీదే బిగుస్తున్నాయి. 2020 ఏప్రిల్ 1న బండ్ల పొగ మీద బీఎస్-6 ప్రమాణం వచ్చింది. 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి, జనరేటర్లకు 2023 జూలై నుంచి కొత్త ప్రమాణాలు వచ్చాయి. ఇలా బిగించినప్పుడల్లా ప్రతి ఇంజన్ మోడల్‌నీ మళ్లీ ట్యూన్ చేసి, పరీక్షించి, సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఆ పని చేసేవాళ్లు కావాలి.

ఈ పనేమిటో మీకు చెప్పడం తేలిక, ఎందుకంటే దాని మొదటి మెట్టు మీ షాపులోనే ఉంది. పాత ఇన్‌లైన్ పంపుని మీరు టెస్ట్ బెంచి మీద పెట్టి, ఏ స్పీడులో ఏ గాజు గొట్టంలో ఎంత డీజిల్ పడిందో చూసి సరిచేస్తారు. ఆ పంపుతో ఒక చిక్కు ఉండేది. ఇంజన్ మెల్లగా తిరిగితే ప్రెషరూ తగ్గిపోయేది. 1997లో కార్లలోకి వచ్చిన కామన్ రైల్ ఆ ముడి విప్పింది. పంపు డీజిల్‌ని రైల్ అనే ఒక గట్టి గొట్టంలో ఒత్తిడితో నిల్వ ఉంచుతుంది, ఎప్పుడు ఎంత వదలాలో ఈసీయూ నిర్ణయిస్తుంది. తొలినాళ్లలో ఆ ప్రెషర్ 1350 బార్. ఇప్పుడు 2500 బార్ దాకా వెళ్లింది. కారు టైరులో ఉండేది రెండు బార్ల పైచిలుకే. అంత ఒత్తిడితో వెంట్రుక మందం రంధ్రాల్లోంచి వచ్చిన డీజిల్ పొగమంచులా విడిపోయి గాలిలో బాగా కలుస్తుంది, మసి తగ్గుతుంది. అదీ ఒకే దెబ్బలో రాదు. మొదట చిటికెడు వదిలితే మంట మెత్తగా అంటుకుని పాత ఇంజన్ల టకటకలు తగ్గుతాయి. తర్వాత అసలు మోతాదు. అవసరమైతే చివర్లో మరికొంచెం. ఇదంతా కొన్ని మిల్లీసెకన్లలో ముగిసిపోతుంది.

అసలు తలనొప్పి ఆ తర్వాతే మొదలవుతుంది. మంట బాగా వేడిగా ఉంటే నైట్రోజన్ ఆక్సైడ్లు అనే హానికర వాయువులు పెరుగుతాయి. పొగలో కొంత భాగాన్ని తిరిగి లోపలికి పంపి (ఈజీఆర్ చేసేది ఇదే) వేడి తగ్గిస్తే మసి పెరుగుతుంది. ఒకటి దించితే రెండోది లేస్తుంది. బీఎస్-4 నుంచి బీఎస్-6కి వచ్చేసరికి డీజిల్ కార్లకు నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోమీటరుకు 250 మిల్లీగ్రాముల నుంచి 80కి, మసి 25 నుంచి 4.5కి దిగింది. ఒక్క ఇంజన్‌తో ఇది సాధ్యం కాదు కాబట్టి సైలెన్సర్ దారిలో ఒక చిన్న రసాయన కర్మాగారమే పెట్టారు. డీపీఎఫ్ అనే ఫిల్టర్ మసిని పట్టి ఉంచి, సుమారు 600 డిగ్రీల వేడిలో కాల్చేస్తుంది. ఎస్‌సీఆర్ అనే భాగం 32.5 శాతం యూరియా ద్రావణంతో నైట్రోజన్ ఆక్సైడ్లను మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారుస్తుంది. డ్రైవర్లు బంకులో పోయించుకునే యూరియా అదే.

ఎంత డీజిల్, ఎప్పుడు, ఎంత పొగ వెనక్కి, ఎంత యూరియా? ప్రతి స్పీడుకీ ప్రతి లోడుకీ ఈ అంకెలన్నీ నింపేవాడే క్యాలిబ్రేషన్ ఇంజనీరు. చలిలో పరీక్షకు లడఖ్, ఎండలో రాజస్థాన్ తిరగాలి. 2023 ఏప్రిల్ నుంచి ల్యాబ్‌లోనే కాకుండా రోడ్డు మీద నడుస్తున్నప్పుడు కూడా ఉద్గారాలు కొలుస్తున్నారు కాబట్టి ఈ పని ఇంకా పెరిగింది. డబ్బు సంగతి కూడా దాచకుండా చెప్పాలి. మొదటి రెండు మూడేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితుడికి ఎక్కువ రావచ్చు. ఆ తేడా చూసి మధ్యలో చెదిరిపోయే పిల్లవాడైతే ఇప్పుడే ఆలోచించుకోవడం మంచిది.

ఇంకో మాట బాబుకి మీరే చెప్పండి, తండ్రి నోట వింటే నిలుస్తుంది. 2015లో అమెరికాలో ఫోక్స్‌వాగన్ బండారం బయటపడింది. పరీక్ష జరుగుతోందని పసిగట్టి, అప్పుడు మాత్రమే పొగ నియంత్రణ పూర్తిగా పనిచేసేలా సాఫ్ట్‌వేర్ రాశారు. రోడ్డు మీద నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితికి 40 రెట్ల దాకా వెళ్లాయి. అందులో ఇంజనీర్లు కూడా జైలుకి వెళ్లారు. మన దగ్గర యూరియా ఖర్చు తప్పించుకోవడానికి ఎస్‌సీఆర్‌ని బైపాస్ చేయించే లారీ ఓనర్లు మీకు తారసపడే ఉంటారు. ఆ పని మీ షాపులో జరగనివ్వకండి, బాబుని అసలు ముట్టనివ్వకండి. ఆ పొగ పీల్చేది రోడ్డు పక్కన ఇడ్లీ బండి నడిపేవాళ్లు, బస్టాపులో నిలబడ్డ పిల్లలు.

ఇక చదువు. నాలుగో ఏడు మొదలయ్యేలోపు మ్యాట్‌ల్యాబ్, సిమ్యులింక్ అనే సాఫ్ట్‌వేర్లు చేతికి రావాలి. కంట్రోల్ సిస్టమ్స్ పేపర్‌ని పాస్ మార్కుల కోసం చదవొద్దనండి, ఈ రంగంలో అదే వెన్నెముక. బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే క్యాన్ బస్ మీద డేటా ఎలా నడుస్తుందో, బండి తన లోపాలను తానే గుర్తించే ఓబీడీ వ్యవస్థలో లోపాల కోడ్‌లు ఎలా పుడతాయో తెలియాలి. కొంచెం సి ప్రోగ్రామింగ్ కూడా. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ఆచార్యుల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. గేట్ తప్పకుండా రాయించండి. గిండీలోని అన్నా యూనివర్సిటీలో ఇంటర్నల్ కంబషన్ ఇంజనీరింగ్ పేరుతోనే ఎంఈ ఉంది. ఐఐటీ మద్రాస్‌లో దహన పరిశోధనకు ఒక జాతీయ కేంద్రమే ఉంది.

ఉద్యోగాలకు దూరం వెళ్లనక్కర్లేదు. అశోక్ లేలాండ్, ఓరగడంలో డైమ్లర్ లారీల ప్లాంటు, కామన్ రైల్ తయారుచేసే డెల్ఫీ టీవీఎస్, ట్రాక్టర్ ఇంజన్ల సింప్సన్, చెంగల్పట్టు దగ్గర మహీంద్రా రీసెర్చ్ వ్యాలీ, అన్నీ చుట్టుపక్కలే. కాస్త దూరమైనా పర్వాలేదంటే బెంగళూరులో బాష్ ఉంది. ఒకవేళ డీజిల్ నిజంగానే తగ్గిపోయినా ఈ విద్య వృథా కాదు. 2023 ఫిబ్రవరిలో బెంగళూరు ఇండియా ఎనర్జీ వీక్‌లో రిలయన్స్, అశోక్ లేలాండ్ కలిసి హైడ్రోజన్‌తో నడిచే ఇంజన్ లారీని చూపించాయి. దానికీ ఇంజెక్షన్, ఈసీయూ, క్యాలిబ్రేషన్ కావాలి. బ్యాటరీ బండిలో కూడా కంట్రోలర్లకు ఇవే సాధనాలతో, ఇదే పద్ధతిలో పని జరుగుతుంది.

మీ షాపు గురించి మీరు అడగలేదు గానీ, దాన్ని మూసేయాలనుకోకండి. కామన్ రైల్ ఇంజెక్టర్ల టెస్ట్ బెంచి, మంచి స్కానర్ సంపాదించే ఆలోచన చేయండి. ఇంజెక్టర్ మార్చినప్పుడు దాని మీదుండే కోడ్‌ని ఈసీయూలో ఎక్కించడం, డీపీఎఫ్ ఎందుకు మూసుకుపోయిందో డేటా చూసి చెప్పడం తెలిసిన షాపులకు పని తగ్గదు. ఈ సెలవుల్లో బాబుని మీ దగ్గరే కూర్చోబెట్టుకోండి. వచ్చిన ప్రతి బీఎస్-6 బండికీ స్కానర్ తగిలించి, లోపం ఏమిటి, డేటా ఏం చూపించింది, చివరికి తేలిన కారణం ఏమిటి అని ఒక నోట్‌బుక్కులో రాయించండి. ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూకి ఆ నోట్‌బుక్కు పట్టుకెళ్లమనండి.