హార్డ్‌కోర్ బ్యాండ్ కొత్త విడుదలలు ముందుగా తెలియాలంటే: టర్న్‌స్టైల్‌ను అనుసరిస్తూ నేర్చుకున్న పద్ధతి

ప్రశ్న ఇది: హైదరాబాద్‌లో ఉంటూ ఈ మధ్యే టర్న్‌స్టైల్ బ్యాండ్ వినడం మొదలుపెట్టిన మీకు, సోషల్ మీడియాలో వారి ఖాతాను అనుసరిస్తున్నప్పటికీ, కొత్త పాటలు వచ్చిన సంగతి చాలా ఆలస్యంగా తెలుస్తోంది, ఇలాంటి హార్డ్‌కోర్ పంక్ (వేగంగా, మొరటుగా సాగే ఒక రకం రాక్ సంగీతం) బ్యాండ్ల విడుదలలు, వార్తలు సకాలంలో తెలుసుకునే మార్గం ఏమిటి? నేను ఉద్యోగరీత్యా చాలాకాలంగా ఆ బ్యాండ్ సొంత ఊరైన అమెరికాలోని బాల్టిమోర్ శివార్లలో ఉంటున్నాను, వారి సంగీతాన్ని 2015 నాటి తొలి ఆల్బమ్ కాలం నుంచి వింటున్నాను కాబట్టి, నాకు పనికొచ్చిన పద్ధతిని కొంచెం వివరంగా రాస్తాను.

నా సమాధానం ఒక్క మాటలో చెప్పాలంటే, బ్యాండ్‌ను కాకుండా బ్యాండ్ చుట్టూ ఉన్నవాళ్ళను అనుసరించండి. మన ఇళ్ళలో పెళ్ళి కబురు శుభలేఖ కన్నా ముందు చుట్టాల ద్వారా చేరినట్టే, హార్డ్‌కోర్‌లో కొత్త రికార్డు సంగతి అధికారిక ప్రకటన కన్నా ముందు లేబుల్ (రికార్డులు విడుదల చేసే సంస్థ) నడిపేవారి నుంచో, తోటి బ్యాండ్ల నుంచో, షో చిత్రీకరించినవారి నుంచో బయటికి వస్తుంది. ఎందుకంటే ఈ సంగీతంలో ఒకే మనిషి ఒక బ్యాండ్‌లో పాడతాడు, ఇంకో బ్యాండ్‌లో డ్రమ్స్ వాయిస్తాడు, మూడో బ్యాండ్ రికార్డును తన లేబుల్ మీద విడుదల చేస్తాడు. సినిమా సంగీతానికి అలవాటుపడిన మనకు ఇది మొదట్లో వింతగా అనిపిస్తుంది కానీ, ఒకసారి ఆ బంధుత్వాల పటం మనసులో ఏర్పడిన తర్వాత వార్తలు వెతుక్కోవలసిన అవసరం చాలా తగ్గుతుంది.

టర్న్‌స్టైల్ విషయంలో ఆ పటం ఇలా ఉంటుంది. గాయకుడు బ్రెండన్ యేట్స్ అదే ఊరికి చెందిన ట్రాప్డ్ అండర్ ఐస్ అనే బ్యాండ్‌లో డ్రమ్మర్. ఆ బ్యాండ్ గాయకుడు జస్టిస్ ట్రిప్ తర్వాత ఏంజెల్ డస్ట్ అనే బ్యాండ్ మొదలుపెట్టాడు. టర్న్‌స్టైల్ డ్రమ్మర్ డేనియల్ ఫాంగ్, గిటారిస్టు పాట్ మెక్‌క్రోరీ కొన్నేళ్ళపాటు అందులోనూ వాయించారు. ఈ బృందాల సభ్యులే కలిసి నడిపే లేబుల్ పేరు పాప్ విగ్. టర్న్‌స్టైల్ 2016లో తెచ్చిన 'మూవ్ త్రూ మీ' ఈపీ (కొద్ది పాటలే ఉండే చిన్న రికార్డు), ట్రాప్డ్ అండర్ ఐస్ 2017 ఆల్బమ్ 'హీట్‌వేవ్', ఏంజెల్ డస్ట్ 2023 ఆల్బమ్ 'బ్రాండ్ న్యూ సోల్' వచ్చింది ఆ లేబుల్ మీదనే. అంటే పాప్ విగ్ అనే ఒక్క చిన్న లేబుల్‌ను గమనిస్తూ ఉంటే, కనీసం మూడు బ్యాండ్లలో ఎవరు ఏం చేస్తున్నారో తెలుస్తుంది. వారు ఒక బ్యాండ్‌తో సుదీర్ఘ పర్యటనలో ఉన్నారంటే మరో బ్యాండ్ రికార్డింగు ఆ మేరకు వెనక్కి జరిగిందని ఊహించవచ్చు. ఈ ఊహ అన్నివేళలా నిజం కాదు గానీ, నా అనుభవంలో అనేకసార్లు నిజమైంది.

రెండో సంగతి, ఆల్బమ్‌లను మాత్రమే లెక్కపెట్టుకుంటూ కూర్చోకూడదు. టర్న్‌స్టైల్ పూర్తి ఆల్బమ్‌లు ఇప్పటికి నాలుగు: 2015 జనవరిలో 'నాన్‌స్టాప్ ఫీలింగ్', 2018 ఫిబ్రవరిలో 'టైమ్ అండ్ స్పేస్', 2021 ఆగస్టులో 'గ్లో ఆన్', 2025 జూన్‌లో 'నెవర్ ఎనఫ్'. ఒక్కో విరామం మూడేళ్ళకు పైబడిందే. అయితే ఈ విరామాల్లో వారు ఊరికే కూర్చోలేదు. ఆస్ట్రేలియాకు చెందిన ఎలక్ట్రానిక్ సంగీతకారుడు మాల్ గ్రాబ్‌తో 2020లో 'షేర్ ఎ వ్యూ', కెనడా బృందం బ్యాడ్‌బ్యాడ్‌నాట్‌గుడ్‌తో 2023లో 'న్యూ హార్ట్ డిజైన్స్' అనే చిన్న విడుదలలు వచ్చాయి. రెండూ పాత పాటలకు కొత్త రూపాలే కాబట్టి చాలామంది పట్టించుకోలేదు. కానీ హార్డ్‌కోర్ సంప్రదాయంలో అసలు సరుకు చిన్న రికార్డుల్లోనే ఉంటుంది. టర్న్‌స్టైల్ కూడా 2011లో 'ప్రెషర్ టు సక్సీడ్', 2013లో 'స్టెప్ 2 రిథమ్' అనే ఈపీలతోనే పేరు తెచ్చుకుంది. మీ స్ట్రీమింగ్ యాప్‌లో బ్యాండ్ పేజీ తెరిచినప్పుడు ఆల్బమ్‌ల వరుస దగ్గర ఆగిపోకుండా, కింద ఉండే సింగిల్స్, ఈపీల వరుసను కూడా చూడటం అలవాటు చేసుకోండి.

2018 నుంచి టర్న్‌స్టైల్ రోడ్‌రన్నర్ అనే పెద్ద లేబుల్‌తో ఉంది. దీనివల్ల వార్తలు వచ్చే తీరు మారింది. చిన్న లేబుల్ అయితే ఒక రోజు హఠాత్తుగా రికార్డు పెట్టి అదే రోజు అమ్మేస్తుంది. పెద్ద లేబుల్ నెలల ముందే ఒక క్రమం వేసుకుంటుంది, ఆ క్రమం గమనించేవారికి కనిపిస్తుంది. 2021 జూన్‌లో నాలుగు పాటలతో 'టర్న్‌స్టైల్ లవ్ కనెక్షన్' ఈపీ, దానితోపాటు యేట్స్ దర్శకత్వంలో ఒక చిన్న చిత్రం వచ్చాయి. రెండు నెలలు తిరిగేసరికి ఆ నాలుగు పాటలూ 'గ్లో ఆన్' ఆల్బమ్‌లో కనిపించాయి. 2025 ఏప్రిల్‌లో ఆల్బమ్ పేరుతోనే తొలి పాట వచ్చింది, జూన్ 5న న్యూయార్క్‌లోని ట్రైబెకా చలనచిత్రోత్సవంలో ఆల్బమ్ మొత్తానికి తీసిన సినిమా ప్రదర్శించారు, మర్నాడు, జూన్ 6న, ఆల్బమ్ విడుదలైంది. కాబట్టి ఈ బ్యాండ్ నుంచి దృశ్యరూపంలో ఏదైనా కాస్త పెద్ద ప్రయత్నం కనబడితే, వెనుక ఆల్బమ్ ఉందని అనుకోవడానికి కారణం ఉంది.

ఇక అన్నిటికన్నా ముందుగా సంగతి తెలిసే చోటు షో. ఇక్కడ నేను కొంచెం సేపు ఆగుతాను, ఎందుకంటే దూరంగా ఉన్నవాళ్ళు సాధారణంగా ఈ మార్గాన్ని తమది కాదనుకొని వదిలేస్తారు. గిటారిస్టు బ్రేడీ ఎబర్ట్ లేకుండా ముందుకు సాగుతున్నామని బ్యాండ్ 2022 ఆగస్టులో ప్రకటించింది. ఆ తర్వాత 2023 నుంచి షోలలో ఇంగ్లండ్‌కు చెందిన మెగ్ మిల్స్ గిటార్ వాయిస్తూ కనిపించారు. ఆమెను పూర్తిస్థాయి సభ్యురాలిగా అందరూ గుర్తించింది 2025లో కొత్త ఆల్బమ్ సందర్భంగా. షోల వీడియోలు చూస్తున్నవారికి అది అప్పటికే పాత సంగతి. చబ్బీ అండ్ ద గ్యాంగ్ అనే లండన్ బ్యాండ్‌ను ఎరిగినవారికైతే ఆమె వాయించే తీరు ఇంకా ముందే తెలుసు. షోలో కొత్త పాట వాయిస్తే సెట్‌లిస్ట్ డాట్ ఎఫ్ఎం అనే సైట్‌లో ప్రేక్షకులే ఆ రాత్రే నమోదు చేస్తారు. బాల్టిమోర్‌లో షో ముగిసేసరికి మీకు ఉదయం అవుతుంది కాబట్టి, కాఫీ తాగుతూ ఆ జాబితా చూసుకోవచ్చు. వీడియోల కోసం ఫిలడెల్ఫియా కేంద్రంగా సన్నీ సింగ్ నడిపే హేట్‌ఫైవ్‌సిక్స్ ఛానెల్‌ను తప్పక అనుసరించండి. హార్డ్‌కోర్ షోలను మొదటి నుంచి చివరి దాకా పలు కెమెరాలతో, మంచి ధ్వనితో అందించడంలో ఆయనకు సాటి వచ్చేవారు నాకు తెలిసి లేరు. ఫిలడెల్ఫియాలో జరిగే దిస్ ఈజ్ హార్డ్‌కోర్, లాస్ ఏంజెలెస్‌లో జరిగే సౌండ్ అండ్ ఫ్యూరీ ఉత్సవాల పోస్టర్లు కూడా వార్తాపత్రికలాంటివే. చాలాకాలంగా మౌనంగా ఉన్న బ్యాండ్ పేరు పోస్టర్ మీద కనిపించిందంటే, వెంట రికార్డు వచ్చే అవకాశం ఎక్కువ.

టికెట్ల యాప్‌లు కొంతవరకే పనికొస్తాయి. 2025 మే 10న టర్న్‌స్టైల్ బాల్టిమోర్‌లోని వైమన్ పార్క్ డెల్ అనే పచ్చిక మైదానంలో ఉచితంగా వాయించింది. నిరాశ్రయులకు వైద్యం అందించే హెల్త్ కేర్ ఫర్ ద హోమ్‌లెస్ సంస్థకు అక్కడ విరాళాలు సేకరించారు. టికెట్టే లేని షో గురించి టికెట్ల యాప్ ఏం చెబుతుంది? నాకు ఆ సంగతి ఊళ్ళోని రికార్డుల దుకాణంలో తెలిసింది. మీరు బాల్టిమోర్‌లో లేకపోయినా, ఆ ఊరి షో వేదికలను, రికార్డుల దుకాణాలను ఒకటి రెండు అనుసరిస్తే నష్టం లేదు. ఓటోబార్ వంటి చిన్న వేదిక వారి నెలవారీ జాబితా చూస్తే, రేపటి బ్యాండ్లు ఎవరో కూడా అర్థమవుతుంది.

సోషల్ మీడియా మీద మాత్రమే ఆధారపడటం ఎందుకు కుదరదో మీకు అనుభవమే కాబట్టి దాని గురించి ఎక్కువ రాయను. దానికి బదులుగా నేను ఈమెయిల్‌ను నమ్ముకుంటాను. హార్డ్‌కోర్ లేబుళ్ళు చాలావరకు బ్యాండ్‌క్యాంప్ అనే పాటలు అమ్మే సైట్‌లో ఉంటాయి. అక్కడ లేబుల్‌ను అనుసరిస్తే ప్రతి కొత్త విడుదలకూ నేరుగా ఈమెయిల్ వస్తుంది, మధ్యలో ఏ అల్గారిథమూ వడపోయదు. బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే పేరుతో 2020 మార్చి నుంచి కొన్ని శుక్రవారాల్లో ఆ సంస్థ అమ్మకాల్లో తన వాటా వదులుకుంటోంది. చిన్న లేబుళ్ళు తమ విడుదలలను సరిగ్గా ఆ రోజులకు దాచుకుంటాయి కాబట్టి, ఆ తేదీలను క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోవడం మంచిది. మామూలుగా అయినా 2015 జులై నుంచి ప్రపంచమంతటా కొత్త ఆల్బమ్‌లకు శుక్రవారమే విడుదల దినం. నేను రివెలేషన్, డెత్‌విష్, ట్రిపుల్ బి, ఫ్లాట్‌స్పాట్ లేబుళ్ళను కూడా జాబితాలో పెట్టుకున్నాను. చదవడానికైతే స్టీరియోగమ్ అనే సంగీత వెబ్‌సైట్‌లో టామ్ బ్రైహాన్ నెలనెలా హార్డ్‌కోర్ మీద రాసే వ్యాసం నాకు ఇష్టం. ఆయన అభిరుచి బరువైన, మొరటు శబ్దం వైపు కాస్త మొగ్గుతుందని తెలుసుకొని చదివితే ఇంకా ఉపయోగం. 1982లో పత్రికగా మొదలై 2019లో అచ్చు ఆపేసిన మాగ్జిమమ్ రాక్‌న్‌రోల్ ఇప్పటికీ తన సైట్‌లో సమీక్షలు ప్రచురిస్తోంది. పేరున్న బ్యాండ్ల కోసం కాదు గానీ, ఎవరూ ఎరగని డెమోల (కొత్త బ్యాండ్లు చేసే తొలి నమూనా రికార్డింగుల) కోసం అంతకన్నా మంచి చోటు లేదు.

వెతకడంలో ఒక చిక్కు ఉంది. హార్డ్‌కోర్ బ్యాండ్లకు ఒక్క మాట పేర్లంటే మోజు. సిడ్నీకి చెందిన స్పీడ్ అనే బ్యాండ్ గురించి ఆ ఒక్క మాటతో వెతికి చూడండి, కార్ల గురించి తప్ప ఇంకేదీ రాదు. పేరు పక్కన ఊరి పేరో లేబుల్ పేరో చేర్చండి, లేదా హార్డ్‌కోర్ అని చేర్చండి. టర్న్‌స్టైల్ సొంత వెబ్‌సైట్ చిరునామాలో కూడా పేరు పక్కన ఆ మాట ఉండటానికి కారణం బహుశా ఇదే. స్ట్రీమింగ్ యాప్‌లలో ఒకే పేరున్న ఇద్దరి పాటలు ఒకే పేజీలో కలిసిపోవడం మామూలే కాబట్టి, ఏదైనా పాట వినగానే అనుమానం వస్తే డిస్కాగ్స్ అనే సైట్‌లో సరిచూసుకోండి. ఏ విడుదల ఏ లేబుల్‌ది, ఎన్నో ముద్రణ అనే వివరాలు అక్కడ ఓపికగా నమోదై ఉంటాయి.

పుకార్ల విషయంలో నా నియమం సరళమైనది. కొత్త పాట, కొత్త పర్యటన గురించిన పుకారును సరదాగా వింటాను. సభ్యులు విడిపోవడం, వ్యక్తిగత గొడవలు వంటి వాటి గురించి మాత్రం బ్యాండ్ నోట వచ్చేదాకా నమ్మను, ఇంకొకరికి చెప్పను. చిన్న సమాజాల్లో ఇలాంటి మాటలు నిప్పులా పాకుతాయి, వాటి వెనుక నిజమైన మనుషులు ఉంటారు.

వినైల్ రికార్డులు కొనే ఉద్దేశం ఉంటే, పాట విన్న రోజుకూ రికార్డు చేతికి వచ్చే రోజుకూ మధ్య నెలలు గడవవచ్చని ముందే తెలుసుకోండి. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని బ్యానింగ్‌లో అపోలో మాస్టర్స్ కర్మాగారం కాలిపోయింది. వినైల్ ముద్రణకు మూలమైన లాకర్ పలకలను తయారుచేసే సంస్థలు ప్రపంచంలో రెండే ఉండేవి, అందులో అది ఒకటి. పెద్ద కళాకారులు కూడా మళ్ళీ వినైల్ మీద పడటంతో ఆ తర్వాతి రెండు మూడేళ్ళు చిన్న లేబుళ్ళు వరుసలో వెనక నిలబడవలసి వచ్చింది. అమెరికా నుంచి భారతదేశానికి రవాణా ఖర్చు ఒక్కోసారి రికార్డు ధరను మించిపోతుంది కాబట్టి, ఆ డబ్బుతో డిజిటల్ ప్రతులు రెండు మూడు కొనడమే లేబుల్‌కు ఎక్కువ మేలని నా అభిప్రాయం.

చివరగా, మీరు అడగకపోయినా, ఆగిపోయిన బ్యాండ్లను కూడా అనుసరించవచ్చు. ఇక్కడికి గంట ప్రయాణంలో ఉన్న వాషింగ్టన్‌లో 1980లో మొదలైన డిస్కార్డ్ లేబుల్ ఇందుకు మంచి ఉదాహరణ. ఆ లేబుల్‌కు చెందిన ఫుగాజీ బ్యాండ్ 2002 తర్వాత వేదిక ఎక్కలేదు గానీ, ఆ బ్యాండ్ ప్రదర్శనల రికార్డింగులను వందల సంఖ్యలో అందించే సంకలనాన్ని ఆ లేబుల్ 2011లో మొదలుపెట్టింది. ఒక్కో షోకు సూచించిన ధర 5 డాలర్లు. ఎప్పుడో రికార్డు చేసిన వారి తొలి డెమో కూడా 2014లో విడుదలైంది. సభ్యులు కూడా ఖాళీగా లేరు: ఇయన్ మెకే, జో లాలీ, ఏమీ ఫరీనా కలిసి కోరికీ పేరుతో 2020లో ఒక ఆల్బమ్ తెచ్చారు, లాలీ, బ్రెండన్ కాంటీ ఉన్న ద మెస్‌థెటిక్స్ 2024లో శాక్సఫోన్ వాద్యకారుడు జేమ్స్ బ్రాండన్ లూయిస్‌తో కలిసి జాజ్ లేబుల్ ఇంపల్స్ మీద ఆల్బమ్ విడుదల చేసింది. టర్న్‌స్టైల్‌తో మొదలుపెట్టిన మీరు మాత్రం ముందుగా ఏంజెల్ డస్ట్ 'బ్రాండ్ న్యూ సోల్' వినండి, ఆ తర్వాత బాల్టిమోర్‌కే చెందిన ఎండ్ ఇట్ వినండి; ఆ రెండూ నచ్చితే పాప్ విగ్, ఫ్లాట్‌స్పాట్ లేబుళ్ళ ఈమెయిల్ జాబితాల్లో ఈ రోజే చేరవచ్చు.