ఆ కాషాన్ తివాచీని ముందు తిరగేసి చూడండి

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్‌లో ఒకాయన తన దగ్గరున్న కాషాన్ తివాచీ (ఇరాన్‌లోని కాషాన్ ఊళ్ళో నేసినది) 120 ఏళ్ళ నాటిదని, నాలుగు లక్షలకి ఇస్తానని అంటున్నారు, కొని పదేళ్ళు ఉంచితే రేటు పెరుగుతుందా అని. రేటు కోసమే అయితే వద్దండి. ఇంట్లో పరుచుకుని రోజూ చూసుకోవాలనిపిస్తే మాత్రం, డబ్బు చేతిలో పెట్టేముందు దానితో ఒక అరగంట కూర్చోండి. నేను వ్యాపారిని కాను. పదకొండేళ్ళు షార్జాలో అకౌంట్స్ ఉద్యోగం చేశాను, ఈ పిచ్చి అక్కడ పట్టుకుంది.

మొదటిసారి బాగా మునిగాను. ఒక దుకాణంలో టీ ఇచ్చి కూర్చోబెట్టి, ఒకదాని మీద ఒకటి ముప్పై తివాచీలు పరిచారు. అంత శ్రమ పెట్టాక ఏమీ కొనకుండా లేవాలంటే మొహమాటం. "వందేళ్ళ పైమాటే" అన్నదాన్ని రెండు నెలల జీతం పోసి తెచ్చుకున్నాను. ఏడాదికి ఒక మూల ఊడితే, రఫూ చేసే ఇరానీ పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన దాన్ని పూర్తిగా విప్పను కూడా లేదు. మూల మడిచి, జుట్టు పాయ తీసినట్టు రెండు బొటనవేళ్ళతో ఊలుని విడదీసి చూపించాడు. పైన కొసలు మాసిన ఇటుక రంగు. మొదళ్ళు మాత్రం శుభలేఖ మీద ఉండే గులాబీ. మధ్యలో గీత గీసినట్టు తేడా. "మందుల్లో కడిగి, టీ నీళ్ళు పట్టించి ముసలిదాన్ని చేశారు" అన్నాడు. ఆయన లెక్కలో దాని వయసు పాతికేళ్ళు. కుచ్చులన్నీ ఒకే టీ రంగులో ఉన్నాయి. నిజంగా పాతబడ్డ నూలు అంత సమానంగా మాస్తుందా? అప్పటిదాకా నాకు తట్టనేలేదు.

అందుకే తిరగేయమంటున్నాను. చేతితో నేసినదైతే ముందున్న డిజైన్ వెనకా అంతే తేటగా కనిపిస్తుంది. కుచ్చులంటే పడుగు దారాల (నిలువు పోగుల) కొసలే, అవి లోపల్నుంచి రావాలి. విడిగా తెచ్చి కుట్టినట్టుంటే అనుమానించండి. పాత కాషాన్‌లలో పేక నూలుకి, అంటే అడ్డ పోగులకి, తరచు నీలం రంగు వేసి ఉంటుంది, వెనక ముడుల సందుల్లో సన్నగా కనిపిస్తుంది. ఆ రోజుల్లో కాషాన్‌లో చాలా మంచి సరుకుని మాంచెస్టర్ నుంచి వచ్చిన మెరినో అనే మెత్తటి విదేశీ ఊలుతో నేశారు. కాబట్టి "అచ్చంగా ఇరాన్ గొర్రె ఊలు" అని అమ్మేవాళ్ళు ఒట్టేసినా మీరు దానికి రేటు పెంచక్కర్లేదు. తెల్ల రుమాలు కొంచెం తడిపి ఎరుపు మీద గట్టిగా రుద్దండి. రుమాలుకి రంగు అంటితే అక్కడితో ఆపేయండి.

ఇక అందం సంగతి. చాలామంది అంగుళానికి ఎన్ని ముడులు అన్నదే పట్టుకుంటారు. నాకైతే రంగే ముఖ్యం. ఎరుపు మంజిష్ఠ జాతి వేరు నుంచి, నీలం నీలిమందు నుంచి, పసుపు మొక్కల నుంచి, దానిమ్మ తొక్క నుంచి. పల్లెల్లోనూ సంచార తెగల్లోనూ ఊలుని కొంచెం కొంచెంగా రంగు వేసుకునేవారు కాబట్టి నేత సగంలో నీలం ఒక ఛాయ మారిపోతుంది, అడ్డంగా చారలా. దీన్ని అబ్రాష్ అంటారు. నేను మొదట్లో అది లోపమనుకుని బేరమాడేవాణ్ణి, ఇప్పుడు అది ఉన్నదే వెతుక్కుంటాను. ఇంకో గుర్తు: కళ్ళు మూసుకుని అరచేయి పెట్టి నిమరండి. చాలా పాతవాటిలో నలుపు, ముదురు గోధుమ గీతల దగ్గర చెయ్యి కిందికి దిగుతుంది. ఆ రంగులో వేసిన ఇనుము కాలక్రమేణా ఊలుని తినేస్తుంది, మిగతా పువ్వులు చెక్కినట్టు పైకి నిలుస్తాయి. మన కలంకారీలో ఇనుము, బెల్లం పులియబెట్టి చేసే కసిమి నలుపు కూడా పాత గుడ్డల్ని ఇలాగే కొరికేస్తుంది.

అసలు ఈ పని ఎంతవరకు వెళ్ళగలదో చూడాలంటే లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇరాన్‌ నుంచి వచ్చిన అర్దబిల్ తివాచీ ఉంది. రంగులు వెలిసిపోకుండా దానికి అరగంటకి పది నిమిషాలే దీపాలు వేస్తారు. నేను మూడు విడతలు కూర్చున్నాను, మా ఆవిడ రెండో విడతకే కాఫీకి వెళ్ళిపోయింది. పొడవు పదిన్నర మీటర్లు, రంగులు పదే, ముడులు రెండున్నర కోట్ల పైమాట. ఒక చివర పారసీక కవి హాఫిజ్ పద్యం, కింద కాషాన్ వాసి మక్సూద్ పేరు, హిజ్రీ 946, అంటే 1539–40. 1893లో మ్యూజియం దాన్ని 2,000 పౌండ్లకి కొన్నది. అది అంత నిండుగా కనిపించడానికి కారణం, జంటగా నేసిన రెండోదాన్ని కత్తిరించి దీనికి అతుకులు వేయడం. ఆ మిగిలినది లాస్ ఏంజెలెస్ మ్యూజియంలో ఉంది. ఎప్పుడు తలుచుకున్నా ఆ రెండోదాని మీదే జాలేస్తుంది.

రేటు దగ్గరికొద్దాం. 2013లో న్యూయార్క్‌లో 17వ శతాబ్దపు తివాచీ ఒకటి వేలంలో 3.3 కోట్ల డాలర్ల పైన పలికింది. అమ్మేవాళ్ళందరూ చెప్పే కథ అదే. మీకు చూపిస్తున్నది ఆ కోవ కాదు. 1900 ప్రాంతంలో ఇరాన్‌లోని కాషాన్, తబ్రీజ్, సుల్తానాబాద్ ఊళ్ళలో యూరప్, అమెరికా ఇళ్ళ కోసం బోలెడు నేశారు. నా దగ్గర నిజంగా పాతదే ఒకటుంటే అమ్మబోయాను. కొన్నదాంట్లో మూడో వంతు ఇస్తామన్నారు. ఇంట్లోనే ఉంచేసుకున్నాను.

మీ అమ్మాయి అమెరికాలో ఉందని రాశారు కదా, అక్కడికి పంపే ఆలోచనుంటే మానుకోండి. 2018 ఆగస్టులో ఇరాన్ తివాచీల దిగుమతిని అక్కడ మళ్ళీ ఆపేశారు. పైగా నిజంగా వందేళ్ళు దాటినదైతే 1972 నాటి మన పురావస్తువుల చట్టం ప్రకారం సొంతంగా దేశం దాటించకూడదు. అమ్మేవాడు వయసుకి ఇచ్చే సర్టిఫికెట్టే మీ మెడకి చుట్టుకుంటుంది.

ఆయన ఒప్పుకుంటే మూడు ఫొటోలు తీయండి: వెనకవైపు పది రూపాయల బిళ్ళ పెట్టి ఒకటి, ఊలు విడదీసి మొదళ్ళు కనిపించేలా ఒకటి, కుచ్చులు మొదలయ్యే చోట ఒకటి. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా. ఇక్కడ పెడితే చూసి చెప్తాను. విడదీసి చూడొద్దని ఆయన అడ్డుపడితే ఫొటోలు కూడా అక్కర్లేదు, వచ్చేయండి.