మెత్తటి ప్లాస్టిక్ ఎరల తయారీ: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

గాలపు వేటకు కావలసిన మెత్తటి ప్లాస్టిక్ ఎరలను సొంతంగా పోతపోసుకోవడం గురించి వచ్చిన ఉత్తరాలలో ఏడింటికి ఇక్కడ సమాధానమిస్తున్నాము. వీటిలో ఎక్కువ భాగం వేడికి, తేమకు సంబంధించినవే. ఆ రెండింటి విషయంలో పొరపాటు జరిగితే ఎర పాడవడంతో ఆగదు, పోసే మనిషికీ ప్రమాదమే. కాబట్టి ఆ జవాబులు కొంత విపులంగా రాయవలసి వచ్చింది.

ప్రశ్న: ద్రవరూపంలో దొరికే ప్లాస్టిసాల్‌ను వంటగదిలోని మైక్రోవేవ్‌లో వేడి చేసి ఎరలు పోస్తున్నాను. మొదటి రెండు విడతలు చక్కగా వచ్చాయి. మూడోసారి మిశ్రమం పసుపు రంగుకు తిరిగి, ఘాటైన పొగ వచ్చి, గొంతు మండింది. సరుకు నాసిరకమా, నా పద్ధతిలో లోపమా?

సమాధానం: మీ మిశ్రమం మాడిపోయింది. ముందుగా ఒక మాట: ఈ పనిని వంటగదిలో చేయడం వెంటనే మానేయండి, ఇప్పటికే వాడిన మైక్రోవేవ్‌ను, గాజు పాత్రను, గరిటెను ఇకమీదట ఆహారానికి వాడవద్దు. మెత్తటి ప్లాస్టిక్ వానపామును 1949లో అమెరికాలోని ఓహాయో రాష్ట్రం, ఆక్రన్ పట్టణంలో నిక్ క్రీమ్ అనే ఆయన తన ఇంటి వంటగదిలోనే తయారు చేశాడు. ఆ కథ ఈ వేటలో ఉన్నవారందరికీ ప్రియమైనదే, కానీ ప్లాస్టిక్ పొగ గురించి ఈనాడు మనకు తెలిసిన తర్వాత ఆ ఒక్క విషయంలో ఆయనను అనుసరించనవసరం లేదు.

జరిగినది ఇది. ప్లాస్టిసాల్ అంటే పి.వి.సి. సన్నటి పొడిని ప్లాస్టిసైజర్ అనే నూనె వంటి ద్రవంలో కలిపిన పాల వంటి మిశ్రమం. వేడి పెరిగే కొద్దీ పొడి రేణువులు ఆ ద్రవాన్ని పీల్చుకుని ఉబ్బుతాయి, మిశ్రమం ముద్దగా చిక్కబడుతుంది, ఆ తర్వాత దాదాపు 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర రేణువులన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, మళ్లీ పలచబడి, తేటగా మారుతుంది. పోయవలసినది అప్పుడే. కొత్తవారు చాలామంది మధ్యలో వచ్చే ముద్ద దశను చూసి సరుకు చెడిపోయిందని భయపడతారు, లేదా అది త్వరగా కరగాలని ఒకేసారి ఎక్కువసేపు వేడి పెడతారు. మీరు చేసినది ఈ రెండోదని అనిపిస్తోంది. 200 డిగ్రీలు దాటే కొద్దీ పి.వి.సి. విచ్ఛిన్నమై హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును విడుదల చేస్తుంది. మీ గొంతును మండించినది అదే. ఆ వాయువు బయటికి పోవడంతో ఆగక, మిగిలిన ప్లాస్టిక్ మరింత వేగంగా విచ్ఛిన్నం కావడానికి తోడ్పడుతుంది. అందుకే పసుపు రంగు కనిపించిన తర్వాత గోధుమ రంగు, ఆ తర్వాత నలుపు చాలా త్వరగా వస్తాయి. పసుపు తిరిగిన మిశ్రమానికి ముదురు రంగు కలిపి కప్పిపుచ్చవద్దు, దానిని ఆరుబయట చల్లార్చి పారవేయండి.

ఇకమీదట ఒక కప్పు మిశ్రమానికి మొదట ఒకటిన్నర నిమిషం, తర్వాత 30 సెకన్ల చొప్పున వేడి పెడుతూ, ప్రతిసారీ బయటికి తీసి అడుగు వరకు నెమ్మదిగా కలపండి. మైక్రోవేవ్ అన్ని చోట్లా సమానంగా వేడి చేయదు కాబట్టి, పైన పాలలా ఉన్న మిశ్రమమే మధ్యలో మాడుతూ ఉండవచ్చు. తాకకుండా కొలిచే పరారుణ థర్మామీటర్ పై పొర వేడిని మాత్రమే చెబుతుంది, కనుక కలిపిన వెంటనే కొలవాలి. లోపలికి ముంచే థర్మామీటర్ ఉంటే అది ఇంకా మంచిది. గాలి ధారాళంగా ఆడే షెడ్డులో, పొగను మీ ముఖం నుంచి అవతలికి లాగే ఫ్యాన్ పెట్టుకుని పని చేయండి. దుమ్ముకు వాడే గుడ్డ మాస్కు ఈ వాయువును ఆపలేదు. సేంద్రియ ఆవిరులను, ఆమ్ల వాయువులను రెండింటినీ పట్టే కార్ట్రిడ్జ్‌లు ఉన్న రెస్పిరేటర్ మాత్రమే పనికొస్తుంది. ఆ రోజు మొదలైన గొంతు మంట గాని, దగ్గు గాని ఇంకా తగ్గకపోతే డాక్టర్‌కు చూపించుకోండి.

ప్రశ్న: మా పన్నెండేళ్ల అబ్బాయికి ఈ పనిపై ఎంతో ఆసక్తి. వాడితో పోయించవచ్చునా?

సమాధానం: పోయించవద్దు, వేడి చేసే చోట నిలబెట్టవద్దు. వేడి నీళ్లు ఒలికితే జారిపోతాయి గాని, 175 డిగ్రీల ప్లాస్టిక్ చర్మానికి అంటుకుని అక్కడే కాలుస్తూ ఉంటుంది. పెద్దవారు కూడా కళ్లద్దాలు, పొడవు చేతుల చొక్కా, వేడిని ఆపే చేతి తొడుగులు, మూసిన బూట్లు లేకుండా ఈ పనికి దిగకూడదు. పొరపాటున మీద పడితే అంటుకున్న ప్లాస్టిక్‌ను పీకకుండా, 20 నిమిషాల పాటు పారే చల్లటి నీటి కింద ఉంచి, వైద్యుని దగ్గరికి వెళ్లాలి.

మీ అబ్బాయికి ఇవ్వగల పని మరొకటి ఉంది, నా దృష్టిలో అది పోయడం కంటే గొప్పది. అచ్చుకు మూలమైన నమూనాను మట్టితో గాని, చెక్కతో గాని తయారు చేయనివ్వండి. చిన్న చేపను దగ్గరగా గమనించి, దాని పొట్ట ఎక్కడ లావుగా ఉంది, తోక ఎక్కడ సన్నబడింది అని చూసి చేతితో దించిన పిల్లవాడు నీటిలో చేప కదలికను కూడా అంతే శ్రద్ధగా చూస్తాడు.

ప్రశ్న: ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు చేసుకుని రెండు రోజులు ఆరబెట్టాను. వేడి ప్లాస్టిక్ పోయగానే బుస్సుమని పొంగి, ఎర నిండా బుడగలు వచ్చాయి. మిశ్రమాన్ని ఎక్కువగా కలపడం వల్లనా?

సమాధానం: కలపడం వల్ల వచ్చే బుడగలు సన్నగా, అంతటా సమానంగా ఉంటాయి. మీరు వర్ణించిన పొంగు నీటి ఆవిరిది. ప్లాస్టర్ గట్టిపడటం వేరు, ఆరడం వేరు. అరగంటలో రాయిలా మారిన అచ్చులో కూడా కలిపిన నీరు చాలా భాగం రంధ్రాలలో నిలిచే ఉంటుంది, అది బయటికి రావడానికి అచ్చు మందాన్ని బట్టి వారం లేదా అంతకంటే ఎక్కువ పట్టవచ్చు. రోజూ తూకం వేసి చూడండి: వరుసగా రెండు మూడు రోజులు బరువు తగ్గకుండా నిలిస్తే ఆరినట్టు.

అయితే పూర్తిగా ఆరిన ప్లాస్టర్ కూడా పొడి వస్తువు కాదన్న సంగతి చాలామంది గమనించరు. గట్టిపడిన ప్లాస్టర్ అంటే జిప్సమ్, దాని బరువులో దాదాపు 21 శాతం నీరు స్ఫటికంలోనే కట్టుబడి ఉంటుంది. 100 డిగ్రీలు దాటిన తర్వాత ఆ నీరు కూడా విడుదల కావడం మొదలవుతుంది. త్వరగా ఆరుతుందని అచ్చును వేడి ఓవెన్‌లో పెట్టినవారికి అది పొడి పొడిగా రాలిపోవడానికి కారణం ఇదే. ఆరబెట్టడానికి 45 డిగ్రీలు మించని వెచ్చదనం, గాలి చాలు. ఆ తర్వాత అచ్చు లోపలి భాగానికి ఎపాక్సీని పలుచగా రెండు పూతలు వేసి, ప్రతి పూతనూ పూర్తిగా గట్టిపడనివ్వండి. కొందరు తెల్ల జిగురును నీటితో పలుచన చేసి పూస్తారు. అది కొన్ని పోతలకు పనికొస్తుంది గాని ఎపాక్సీ అంత మన్నదు, ఆ జిగురులోని నీరు ఆరడానికి మళ్లీ కొన్ని రోజులు ఆగవలసి ఉంటుంది. పూత వల్ల మరో లాభం కూడా ఉంది: ప్లాస్టర్ గరుకుతనం ఎరకు ఎక్కకుండా పై భాగం మెరుస్తుంది.

తేమ విషయంలో ఇంత పట్టుదలగా రాయడానికి కారణం బుడగలు మాత్రమే కాదు. వేడి ప్లాస్టిసాల్‌లో ఒక్క నీటి చుక్క పడినా అది క్షణంలో ఆవిరై, చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ను ముఖం మీదికి ఎగజిమ్మగలదు. చెక్క గరిటె తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి లోహపు కడ్డీతో కలపండి, మైక్రోవేవ్‌లో పెట్టేటప్పుడు దానిని తీసేయండి. కడిగిన పాత్రను తుడిచి వెంటనే వాడవద్దు. నీటితో చేసిన వాసన ద్రవాలను వేడి మిశ్రమంలో ఎప్పుడూ కలపవద్దు. కలిపే ఉప్పు సన్నగా, పూర్తిగా పొడిగా ఉండాలి. వేడి గాజు పాత్రను చల్లటి రాతి బల్లపై పెడితే పగిలే అవకాశం ఉంది, పొడి చెక్క పలక మీద పెట్టండి.

ప్రశ్న: చిరిగిపోయిన పాత ఎరలు ఒక డబ్బా నిండా ఉన్నాయి. వాటిని కరిగించి కొత్తవి పోయవచ్చునా?

సమాధానం: తప్పక పోయవచ్చు, పోయాలని కూడా నా కోరిక. చిరిగిన ఎరను నీటిలోకి విసిరేస్తే అది కుళ్లదు. చేపలు వాటిని మింగుతాయి, అవి కడుపులో జీర్ణం కాకుండా ఉండిపోతాయి. పాతవాటిని ఏరి డబ్బాలో దాచిన మీ అలవాటు ప్రతి వేటగాడికీ ఉండవలసినది.

ముందుగా ప్రతి ఎరనూ వేళ్లతో నొక్కి చూసి, లోపల కొక్కెపు ముక్కలు గాని సీసపు గుళ్లు గాని లేకుండా తీసేయండి. వాడిన ఎరలలో నీరు దాగి ఉంటుంది కనుక ముక్కలుగా కోసి, పలుచగా పరిచి కొన్ని రోజులు ఆరనివ్వండి. రబ్బరులా అసాధారణంగా సాగుతూ, నీటిలో బాగా తేలే ఎరలు కొన్ని ఉంటాయి. అవి సాధారణంగా పి.వి.సి.తో కాక ఎలాస్టోమర్ అనే రబ్బరు వంటి వేరే పదార్థంతో చేసినవి, వీటితో కలవవు. వాటిని పక్కన పెట్టండి. ముక్కలను కొద్దికొద్దిగా వేస్తూ, కరిగిన తర్వాతనే మరికొన్ని కలపాలి. వేడికి తట్టుకోవడానికి కొత్త ప్లాస్టిసాల్‌లో కలిపే స్థిరీకారి ప్రతిసారి కరిగించినప్పుడు కొంత ఖర్చవుతుంది కాబట్టి పాత సరుకు తొందరగా పసుపు తిరుగుతుంది. కొంత కొత్త ప్లాస్టిసాల్ గాని, విడిగా దొరికే స్థిరీకారి నాలుగు చుక్కలు గాని కలిపితే ఇంకొక విడత నిలుస్తుంది. అన్ని రంగులూ కలిసి బురద రంగు వస్తుందని బాధపడవద్దు. దానికి నలుపు కలిపితే మంచి ముదురు ఎర అవుతుంది, కలక నీటిలో స్పష్టమైన నీడలా కనిపించేది ముదురు ఎరే.

ప్రశ్న: చేప తోక ఆకారంలో పోసిన ఎర నీటిలో లాగితే కర్రలా వస్తోంది, తోక ఆడటం లేదు. మెత్తబరిచే ద్రవం ఎంత కలిపినా ఫలితం లేదు.

సమాధానం: ఆ ద్రవాన్ని ఇంకా పెంచవద్దు, ఎర జిడ్డుగా, బలహీనంగా తయారై కొక్కెం మీద నిలవదు. లోపం తోక మొదలులో ఉంది. తోక చివరనున్న పలక నీటి తోపుడుకు అటూ ఇటూ వాలాలంటే దానిని ఒంటితో కలిపే మెడ భాగం సన్నగా ఉండాలి. మెడ లావుగా ఉంటే ఎంత మెత్తటి ప్లాస్టిక్ అయినా వంగదు. సన్నటి బ్లేడుతో ఒక ఎర మెడను కొద్దికొద్దిగా చెక్కుతూ, ప్రతిసారీ బకెట్ నీటిలో లాగి చూడండి. తోక ఆడటం మొదలైన కొలతను గుర్తు పెట్టుకుని, నమూనాను ఆ ప్రకారం సవరించి కొత్త అచ్చు చేయండి. ఇది ఒక సాయంకాలం పని, కానీ ఈ కళలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సాయంకాలం కూడా ఇదే.

తెరిచిన అచ్చులో పోస్తుంటే మిశ్రమం బాగా వేడిగా ఉన్నప్పుడే మొదట తోకను నింపి, తర్వాత ఒంటి వైపు రండి. సన్నటి భాగం ముందుగా చల్లారుతుంది కాబట్టి ఆలస్యమైతే తోక చివర వరకు ప్లాస్టిక్ చేరదు. పొట్ట ఒక రంగు, వీపు ఒక రంగు కావాలంటే మొదటి పొర పూర్తిగా చల్లారకముందే రెండోది పోయాలి, లేకపోతే రెండు పొరలూ కొద్ది రోజులకే విడిపోతాయి. ఉప్పు కలిపితే ఎర బరువెక్కి త్వరగా మునుగుతుంది, కానీ తేటదనం, బలం రెండూ తగ్గుతాయి. తోక ఆడవలసిన ఎరలో ఉప్పు తక్కువగా ఉండటమే మేలు.

ప్రశ్న: ప్లాస్టిక్ బదులు జెలటిన్‌తో ఎరలు చేయవచ్చునని విన్నాను. నిజమేనా?

సమాధానం: నిజమే. జెలటిన్‌ను కొద్ది నీటిలో నానబెట్టి, గ్లిజరిన్ కలిపి, మరిగించకుండా వేడి చేసి అచ్చులో పోస్తే, చల్లారిన తర్వాత మెత్తగా వంగే ఎర వస్తుంది. ఆమ్ల వాయువు ఉండదు, నీటిలో పోయినా కరిగిపోతుంది. కాని జెలటిన్ దాదాపు 35 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కనుక ఎండలో పెట్టెలో ఉంచిన ఎర ముద్ద అవుతుంది, నీటిలో కూడా ఉబ్బి త్వరగా చిరుగుతుంది. ఒక పూట వేటకు సరిపోయేన్ని చేసుకుని, చల్లటి పెట్టెలో తీసుకుపోవడం సరైన పద్ధతి. తమ పన్నెండేళ్ల అబ్బాయి గురించి అడిగిన పాఠకులు కూడా దీనిని గమనించగలరు: పెద్దవారు పక్కనుంటే పిల్లలు మొదలుపెట్టదగిన పోత ఇది.

ప్రశ్న: కష్టపడి పోసిన ఎరలను పారదర్శకంగా ఉండే గట్టి ప్లాస్టిక్ పెట్టెలో అమర్చాను. నెల తర్వాత చూస్తే పెట్టె అడుగు కరిగి ఎరలకు అంటుకుంది, తెల్లవాటికి ఎరుపు రంగు ఎక్కింది.

సమాధానం: మెత్తటి ఎరలోని ప్లాస్టిసైజర్ నెమ్మదిగా బయటికి వస్తూనే ఉంటుంది. పాలీస్టైరిన్ వంటి గట్టి ప్లాస్టిక్‌ను అది మెత్తబరుస్తుంది. రంగులు కూడా అదే దారిలో ఒక ఎర నుంచి మరొక ఎరకు చేరతాయి, దానిని తిరిగి పోగొట్టే మార్గం లేదు. పాలీఎథిలీన్ సంచులలో గాని, ఎరల కోసమే చేసిన పాలీప్రొపిలీన్ పెట్టెలలో గాని, రంగుకొక్కటి చొప్పున వేరు చేసి దాచండి. ఎరలను తిన్నగా పడుకోబెట్టి ఉంచండి. వంకర తిరిగినవాటిని వేడి నీటిలో కొద్దిసేపు ఉంచి, సమతలంగా ఉన్న పళ్లెంలో చల్లార్చితే చాలావరకు మళ్లీ తిన్నగా అవుతాయి.