రాత్రి తొమ్మిదింటి ఫోన్

కావలి నుంచి రాసిన చెల్లెమ్మకు,

మీ తోడికోడలు కందుకూరులో కొత్త ఇల్లు కట్టుకుంది. శనివారం గృహప్రవేశం. మీ ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవకుండా ఫోన్‌లో చెప్పి ఊరుకుంది. "ఆమెకు నేనంటే చిన్నచూపు. అత్తగారింట్లో అందరికీ అంతే. ఇంత అవమానం జరిగాక వెళ్ళాలా, వద్దా?" అని అడిగారు.

వెళ్ళండి. సొంత బావగారి ఇల్లు, మీరు లేకుండా పాలు పొంగకూడదు. దీని గురించి ఇంకేమీ రాయను.

నన్ను కదిలించింది ఉత్తరం మూడో పేజీ. పోయినేడాది నెల్లూరులో మీకు ఆపరేషన్ అయినప్పుడు ఈ తోడికోడలే పదకొండు రాత్రులు మీ మంచం పక్కన చాప వేసుకుని పడుకుందని రాశారు. ఆ వెంటనే "అది లోకం కోసం చేసింది" అని కొట్టేశారు. లోకం కోసం వచ్చేవాళ్ళు నాలుగు ఆపిల్ పళ్ళు తెచ్చి, అరగంట కూర్చుని వెళ్ళిపోతారమ్మా. ఒక్క ఫోన్ కాల్ మీ లెక్కలోకి వచ్చింది, పదకొండు రాత్రులు రాలేదు. పొగాకు వేలం నడుస్తోందని, బావగారి బేళ్లు పాడేవాళ్ళు లేక నోబిడ్ అవుతున్నాయని, ఇంటి పనంతా ఆమె ఒక్కతే చూసుకుంటోందని రాసింది కూడా మీరే. తీరిక లేక ఫోన్ చేసి ఉంటుందన్న ఆలోచన మాత్రం మీకు రాలేదు.

1960ల్లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్ట్, డిప్రెషన్‌తో వచ్చినవాళ్ళ మాటలు వింటూ ఒక సంగతి గమనించారు. ఏదైనా జరిగిన మరుక్షణం వాళ్ళ మనసులో ఒక ఆలోచన దానంతటదే మెదులుతుంది. నిజమో కాదో చూడకుండా దాన్ని నమ్మేస్తారు. ఆ ఆలోచనలు దారి తప్పే తీరు కూడా మళ్ళీ మళ్ళీ ఒకేలా ఉంటుంది. ఎదుటివాళ్ళ మనసులో ఉన్నది మనకు తెలిసిపోయిందనుకోవడం, మంచిని లెక్కలోంచి తీసేయడం, ఒకరు చేసినదాన్ని అందరికీ అంటగట్టడం. మీ అబ్బాయికి లెక్కల్లో 61 వచ్చాయని, "వీడి బతుకు అయిపోయింది" అనుకుంటూ రెండు రాత్రులు కూర్చున్నారే, అదీ ఈ కోవలోదే. ఇలా అందరం ఎప్పుడో ఒకప్పుడు ఆలోచిస్తాం. మీకు రోజూ జరుగుతోంది. ఎందుకో కూడా మీ ఉత్తరంలోనే ఉంది, చివర్లో, ఒక్క వాక్యంలో: "రాత్రి తొమ్మిదింటికి అమ్మ ఫోన్ చేస్తుంది, అన్నీ ఆమెకే చెప్పుకుంటాను."

"ఏమన్నిందే నీ తోడికోడలు? ఎట్టా చూసింది?" అని అమ్మ అడుగుతారు. మీరు చెబుతారు. "బొట్టు పెట్టలేదంటే ఏందే అర్థం? నిన్ను లెక్కలో పెట్టలేదనే కదా" అంటారు. చిన్నచూపు అనే మాట మొదట ఆవిడ నోట వచ్చింది. తెల్లారేసరికి అది మీదైపోయింది.

మీ సమస్య తోడికోడలు కాదు. మీ అమ్మగారు.

ఆవిడను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. నాన్నగారు పోయాక ఇద్దరాడపిల్లలతో పదేళ్ళు మీ పెదనాన్నగారింట్లో ఉన్నారన్నారు. ఆ ఇంట్లో ఎవరి ముఖం ఎలా ఉందో చూసుకుని మీ కంచాల్లో అన్నం పెట్టాల్సిన బతుకు ఆవిడది. ముఖాలు చదవడం ఆవిడకు అప్పుడు అన్నం పెట్టిన విద్య. ఆ తల్లికి దండం పెడతాను. కానీ మీరు ఇప్పుడు పెదనాన్నగారింట్లో లేరమ్మా. మీ సొంత వంటింట్లో ఉన్నారు.

కూతురు తల్లికి రుణపడి ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను. ఆవిడ మందులు, కంటి ఆపరేషన్, పండక్కి చీర, ముసలితనంలో మీ ఇంట్లో ఒక గది, అన్నీ చూసుకోండి. ఎవరు ఏమన్నారో, ఎవరు ఎలా చూశారో రాత్రికి రాత్రి అప్పజెప్పడం ఆ రుణంలో లేదు. తల్లి అడిగినా సరే.

ఒక నోట్‌బుక్ తీసుకుని పేజీ మధ్యలో గీత గీయండి. కళ్ళతో చూసింది, చెవులతో విన్నది ఎడమవైపు. మనసు చెప్పింది కుడివైపు. "ఫోన్‌లో పిలిచింది" ఎడమవైపు వస్తుంది, "చిన్నచూపు" కుడివైపు. కుడివైపు రాసిన ప్రతిదాని కింద సాక్ష్యం ఏముంది, ఇంకో కారణం ఉండొచ్చా అని రాయండి. మొదటి వారం చిరాకేస్తుంది, అయినా మానకండి. 'ఎప్పుడూ', 'అందరూ', 'ఒక్కసారి కూడా' వచ్చినచోట కింద గీత గీయండి. మీ ఉత్తరంలో అలాంటివి పదిహేడు లెక్కపెట్టాను.

సాక్ష్యాలన్నీ చూశాక కూడా చిన్నచూపే అనిపిస్తే, అప్పుడు ఆమెనే అడగండి: "అక్కా, నువ్వొచ్చి బొట్టు పెడతావని ఎదురుచూశాను. బాధపడ్డాను." లోపల దాచుకుని ముఖం ముడుచుకోవడం కన్నా ఇలా నేరుగా అడగడంలోనే మీ గౌరవం ఉంది.

రెండు నెలలుగా రాత్రికి మూడు గంటలకు మించి నిద్ర లేదన్నారు. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చుకోకండి, సైకియాట్రిస్టును కలవండి. ఈలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఏ వేళైనా, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

శనివారం రాత్రి కూడా తొమ్మిదింటికి ఫోన్ మోగుతుంది. తీయండి. ఇల్లు ఎలా కట్టారో, భోజనాల్లో ఏం వడ్డించారో చెప్పండి. ఎవరు ఎట్టా చూశారని అడిగితే, "అది వదిలెయ్యమ్మా, నువ్వు మాత్ర వేసుకున్నావా?" అనండి.