కౌంటరుకి ఇవతల: మీ ఉత్తరాలు, నా జవాబులు

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే పైనున్న నాలుగూ నీళ్ళ గురించే. ఎండాకాలం వచ్చిందని క్యాలెండర్ చూడక్కర్లేదు, నా కట్ట చూస్తే చాలు. కొత్తవాళ్ళ కోసం ఒక మాట: ఇంటి పన్ను కౌంటరు వెనక ముప్పయ్యొక్కేళ్ళు కూర్చుని రిటైరైనదాన్ని. ఇప్పుడు కౌంటరుకి ఇవతల, మీ వరసలోనే, నా పాస్‌బుక్ సంచి పట్టుకుని నిలబడుతున్నాను. రెండు వైపుల నుంచీ చూశాను కాబట్టి తెలిసినంత చెప్తాను. ఇక ఉత్తరాలు.

కూకట్‌పల్లి నుంచి ఒక గృహిణి: "మేడం, హైదరాబాద్‌లో నెలకు 20 వేల లీటర్ల నల్లా నీళ్ళు ఉచితమంటారు. మా పన్నెండు ఫ్లాట్ల అపార్ట్‌మెంటుకు మాత్రం నెలనెలా బిల్లు వస్తూనే ఉంది. ప్రెసిడెంటు గారు దాన్ని పన్నెండు భాగాలు చేసి అందరి దగ్గరా వసూలు చేస్తున్నారు. మాకెందుకు లేదు?"

మీకూ ఉందమ్మా. 2021 జనవరిలో మొదలైన పథకమిది. ఇంటికి నెలకు 20 కిలోలీటర్ల వరకు బిల్లు లేదు. బస్తీలకు కొంత వెసులుబాటు ఇచ్చారు గానీ, మనలాంటి వాళ్ళకు రెండు షరతులు. మీటరు ఉండాలి, అది తిరుగుతుండాలి. మీ కాన్ నంబరుకు, అంటే నల్లా కనెక్షన్ ఖాతా నంబరుకు, ఆధార్ లింకై ఉండాలి. అపార్ట్‌మెంట్లో చిక్కేమిటంటే కనెక్షన్ ఒకటే, ఇళ్ళు పన్నెండు. కాబట్టి ఏ ఫ్లాటు ఓనరు ఆ ఓనరే తన ఆధార్ లింకు చేయించుకోవాలి. చేయించుకోని ఫ్లాటుకు మాఫీ రాదు. మీ ప్రెసిడెంటు గారు బిల్లును సమానంగా పంచుతున్నారంటే, లింకు చేసుకున్నవాళ్ళు చేసుకోనివాళ్ళ నీళ్ళకు డబ్బులు కడుతున్నారన్నమాట. ఆయన లెక్కలో మోసం లేదు, బద్ధకం ఉంది.

ముందు ఆ బిల్లు చేతికి తీసుకుని చదవండి. చాలామంది కింద ఉన్న మొత్తం ఒక్కటే చూస్తారు. పైన మీటరు స్థితి ఏం రాశారో, వాడకం ఎన్ని కిలోలీటర్లో చూడండి. మీటరు ఆగిపోయి ఉంటే ఎవరి ఆధార్ ఎంత లింకైనా లాభం లేదు, ముందు అది మార్పించాలి. తర్వాత లిఫ్టు పక్కన గోడకు ఒక కాగితం అంటించండి: పన్నెండు ఫ్లాట్ల నంబర్లు, ఎదురుగా లింకు అయిందా లేదా అని. ఓనరు అమెరికాలో ఉండి అద్దెవాళ్ళున్న ఫ్లాట్ల దగ్గరే ఆగుతుంది, చూస్తుండండి. వాళ్ళకు రాత్రి పది దాటాక వాట్సాప్ చేస్తే అక్కడ పగలే. జలమండలి ఫిర్యాదుల నంబరు 155313. ఫోన్ చేస్తే ఒక టోకెన్ నంబరు చెప్తారు, అది రాసి పెట్టుకోండి. రెండోసారి ఫోన్ చేసినప్పుడు మీ బాధ మొదటి నుంచీ చెప్పనక్కర్లేదు, ఆ నంబరు చెప్తే సరిపోతుంది.

20 వేల లీటర్లంటే ఎంతో అనిపిస్తుంది గానీ, రోజుకు 667 లీటర్లు. నలుగురుంటే మనిషికి సుమారు 167. వంటకీ, స్నానానికీ, బట్టలకీ బాగానే సరిపోతాయి. సెల్లార్‌లో కారుకు పైపు పెట్టి అరగంట వదిలేసే పెద్దమనిషి ఒక్కడుంటే సరిపోవు. మా చిన్నప్పుడు తెల్లారుజామున నాలుగింటికి మంజీరా నీళ్ళు వచ్చేవి. బిందెలు వరసలో పెట్టి, మనిషి లేకపోయినా బిందెకు న్యాయం చేసేవాళ్ళం. ఇప్పుడు నాగార్జునసాగర్ నుంచి కృష్ణ, ఎల్లంపల్లి నుంచి గోదావరి కూడా పంపుల మీద ఎక్కి మన సంపుల్లోకి వస్తున్నాయి. ఏ నీళ్ళు ఏ నదివో కళ్ళు మూసుకుని చెప్తానని మా ఆయనతో పందెం కాశాను. మూడు గ్లాసులూ తప్పే చెప్పాను.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక పాఠకురాలు: "అక్కా, పదకొండేళ్ళ నుంచి ఇక్కడే ఉంటున్నాం. నా ఆధార్‌లో గుంటూరు అడ్రస్. బస్సులో కండక్టర్ జీరో టికెట్ ఇవ్వనంటున్నాడు. పిల్లలు ఇక్కడే పుట్టారు, నేను తెలంగాణ మనిషిని కానా?"

మనిషివే తల్లీ. కండక్టర్‌కు మాత్రం మనిషి కనపడదు, కార్డు కనపడుతుంది. మహాలక్ష్మి పథకం కింద ఉచిత బస్సు ప్రయాణం 2023 డిసెంబరు 9న మొదలైంది. తెలంగాణలో ఉండే ఆడవాళ్ళకు, అమ్మాయిలకు, ట్రాన్స్‌జెండర్లకు. సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్. బయట పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్. మెట్రో రైలుకు లేదు, డీలక్సులకు లేదు. గుర్తింపు కార్డులో చిరునామా తెలంగాణది ఉండాలి. అతని మీద కోపం వద్దు; గుంటూరు కార్డుకు జీరో టికెట్ కొడితే రేపు చెకింగ్‌లో అతనే దొరుకుతాడు.

ఆధార్ ఒక్కటే చూపించాలని లేదు. ఇక్కడి చిరునామాతో ఓటరు కార్డున్నా చాలు. అదీ లేకపోతే ఆధార్‌లో అడ్రస్ మార్పించుకో.

కానీ మార్పించే ముందు ఒక లెక్క వేసుకో. ఆంధ్రాలోనూ 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరుతో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం ఉంది, అక్కడి చిరునామా ఉన్నవాళ్ళకు. నీ గుంటూరు కార్డు ఇక్కడ చెల్లదు గానీ అక్కడ చెల్లుతుంది. మార్చుకుంటే తారుమారు. రాష్ట్రం దాటే బస్సులో సరిహద్దు దాటాక ఎటూ టికెట్టే. పుట్టింటికి ఏడాదికి రెండుసార్లు వెళ్తావా, ఇక్కడ నెలకు ఇరవై ఆరు రోజులు బస్సెక్కుతావా? ఈ లెక్క నీకు నేను చెప్పాలా! మా పక్కింటావిడ మాత్రం రెండు వైపులా ఉచితం కావాలని ఆర్నెల్లుగా ఆలోచిస్తూ, రెండు వైపులా టికెట్ కొంటోంది.

శివారు నుంచి ఒక ప్రైవేటు ఉద్యోగి: "మేడం, చెరువుకు దగ్గరగా ఒక పాత ఇల్లు అమ్మకానికి వచ్చింది. రేటు తక్కువ. చెరువు ఎఫ్‌టీఎల్‌లో లేదని, పదేళ్ళ నుంచి ఇంటి పన్ను కడుతున్నామని, కరెంటు మీటరు కూడా ఉందని ఓనరు రసీదులు చూపించాడు. చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా అంటే భయంగా ఉంది. కొనొచ్చా?"

ఆ రసీదులు నాలాంటి వాళ్ళు కొట్టిచ్చినవే బాబూ. అందుకే చెప్తున్నాను, జాగ్రత్తగా వినండి. ఇంటి పన్ను రసీదు మీద ఫలానా ఏడాదికి ఇంత డబ్బు ముట్టిందని ఉంటుంది. ఇల్లు సక్రమమని ఉండదు. స్థలం ఆయనదేనని కూడా ఉండదు. అనుమతి లేని ఇంటికీ పన్ను వేస్తారు, ఇంకా పెనాల్టీతో వేస్తారు. నా కౌంటరు దగ్గర ఇది వినగానే ముఖం పాలిపోయినవాళ్ళు ఎంతమందో. ఒకాయన ఇల్లు కొన్నప్పటి నుంచి పదహారేళ్ళ రసీదులూ లామినేషన్ చేయించి తెచ్చాడు. అంత శ్రద్ధ గల మనిషి, స్థలం కాగితాలు మాత్రం ఒక్కసారీ లాయరుకు చూపించలేదట.

ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్ళు ఎంతవరకు నిలబడతాయో ఆ గీత. ఎండాకాలంలో చూసి నీళ్ళు దూరంగా ఉన్నాయనుకోవద్దు. ఆ గీత అవతల బఫర్ కూడా ఉంటుంది, అంటే ఇల్లు కట్టకూడని పట్టీ: పది హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువైతే 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు. మీ ఓనరు 'ఎఫ్‌టీఎల్‌లో లేదు' అన్నాడు, 'బఫర్‌లో లేదు' అనలేదు. చూశారా? నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వాళ్ళు చెరువుల మ్యాపులు ఆన్‌లైన్‌లో పెట్టారు. సర్వే నంబరు పట్టుకుని అందులో వెతకండి. చెరువు పేరు ఊళ్ళో ఒకటి, మ్యాపులో ఒకటి ఉండొచ్చు, ఊరి ముసలాళ్ళను అడగండి. నిర్మాణ అనుమతి ఎప్పటిది, ఎవరిచ్చారు, ఎన్ని అంతస్తులకు అన్నది అడగండి. సమాచార హక్కు కింద పది రూపాయలతో దరఖాస్తు పెడితే ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఆ ముప్పై రోజులు ఓనరు ఆగనంటే, వేరే బేరం వచ్చిందంటే, ఆ బేరానికే ఇచ్చేయమనండి.

హైడ్రా 2024 జులైలో వచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు లోపలంతా దాని పరిధే. అది చేసేదంతా సరైనదేనా అంటే, చెరువు మింగినవాడిని వదలకూడదనే నేనూ అంటాను. పుస్తెలు అమ్మి ఇల్లు కట్టుకున్నవాళ్ళకు తెల్లవారుజామున జేసీబీ కనపడటం మాత్రం నాకు మింగుడు పడదు. అమ్మినవాడు ఆ సమయానికి ఎక్కడో హాయిగా నిద్రపోతుంటాడు. మీ సంగతికొస్తే, రేటు తక్కువ ఎందుకుందో ఓనరుకు తెలుసు. మీకు తెలిసేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.

అంబర్‌పేట నుంచి: "నా స్కూటీ నంబరు టీఎస్ అని ఉంది. టీజీగా మార్చుకోవాలా? షాపువాడు రెండు వేలు అడుగుతున్నాడు."

అక్కర్లేదు. 2024 మార్చి నుంచి కొత్తగా రిజిస్టరయ్యే బండ్లకే టీజీ. నా బండి మీద ఇంకా ఏపీ అనే ఉంది. ఆ రెండు వేలతో బ్రేకులు చూపించుకో.

బేగంపేట నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: "2020 గ్రేటర్ ఎన్నికల్లో నేను ఓటు వేయలేదు. మా గల్లీ రోడ్డు గురించి ఎప్పుడు మాట్లాడినా మా మావయ్య 'ఓటేయనివాడికి నోరెందుకు' అంటాడు. నిజంగా నాకు హక్కు లేదా?"

హక్కుంది బాబూ. పన్ను కడుతున్నావు, గుంతలో పడుతున్నావు, ఆ రెండూ చాలు. సోమవారం ప్రజావాణికి అర్జీ పట్టుకుని వెళ్ళు, ఓటు వేశావా అని అక్కడెవరూ అడగరు. అర్జీకి జిరాక్స్ తీసుకుని దాని మీద ముద్ర వేయించుకుని రా. ముద్ర లేకుండా ఇంటికొస్తే అర్జీ ఇచ్చినట్టు కాదు, ఎండలో షికారు చేసినట్టు.

కానీ మావయ్య మాటలో కొంచెం కారం ఉన్నా అబద్ధం లేదు. ఆ డిసెంబరు 1న ఓటేసింది 46 శాతం చిల్లర. సగానికి పైగా ఇంట్లోనే ఉన్నారు. కరోనా ఒక కారణం, సరే. 150 డివిజన్లలో టీఆర్ఎస్‌కు 56, బీజేపీకి 48, మజ్లిస్‌కు 44, కాంగ్రెస్‌కు 2. ఎవరికీ సగం రాలేదు. కొన్నిచోట్ల గెలుపు తేడా వందల్లోనే. మీ గల్లీలాంటివి రెండు కదిలితే ఫలితం మారేది. ఇంకో విచిత్రం చెప్తాను. ఓల్డ్ మలక్‌పేటలో బ్యాలెట్ పేపరు మీద సీపీఐ అభ్యర్థికి సీపీఎం గుర్తు అచ్చయింది. పోలింగ్ ఆపి మళ్ళీ పెట్టారు. ఒక చిన్న బొమ్మ తేడా వస్తే ఆ డివిజన్ మళ్ళీ వరసలో నిలబడింది. నువ్వు మాత్రం ఒక్కసారీ నిలబడలేదు! మావయ్యకు ఈసారి వేలి సిరా చూపించు, నోరు మూస్తాడు.

పన్ను గురించి ముగ్గురు రాశారు, ముగ్గురికీ ఒకటే జవాబు. ఏప్రిల్‌లో ఆ ఏడాది పన్ను మొత్తం కట్టేస్తే 5 శాతం తగ్గింపు. ఆరు వేల పన్నుకు మూడొందలు మిగులుతాయి. పాత బాకీకి ఈ తగ్గింపు లేదు. ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ. బిల్ కలెక్టర్‌కు పన్ను కడితే, చిన్న మిషన్‌లోంచి చీటీ వచ్చేదాకా గుమ్మంలోంచి కదలనివ్వకండి. మొహమాటపడొద్దు. నిజాయితీపరుడికి మీరు అడిగితే కోపం రాదు.

మలక్‌పేట నుంచి ఎనిమిదో తరగతి చదివే పాప: "అమ్మమ్మా, మా సోషల్ టీచర్ అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు నూట యాభై మందిని కాపాడిందని చెప్పారు. నిజమేనా? ఇప్పుడు ఉందా?"

నిజమే తల్లీ, ఉంది కూడా. 1908 సెప్టెంబరు 28న మూసీకి పెద్ద వరద వచ్చింది. మా నాయనమ్మ దాన్ని వరద అనేది కాదు, తుగ్యానీ అనేది. వేలమంది పోయారు. నది మీది వంతెనల్లో 1578లో కట్టిన పురానాపూల్ ఒక్కటే నిలిచిందంటారు. ఆ రోజు ఆ చెట్టు కొమ్మలు పట్టుకుని నూట యాభై మంది దాకా బతికారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో, నది వైపు ఉంటుంది. ఏటా సెప్టెంబరు 28న కొందరు అక్కడ చేరి పోయినవాళ్ళను తలుచుకుంటారు.

ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఆయన సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అదే మన గండిపేట, 1920లో; దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో వచ్చాయి. వరద ఆపడానికి కట్టినవి ఊరికి తాగునీళ్ళూ ఇచ్చాయి. అయినా నది మరిచిపోలేదు. 2025 సెప్టెంబరు చివర్లో గేట్లెత్తితే ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్ళు వచ్చాయి, నువ్వూ టీవీలో చూసే ఉంటావు. బస్టాండు ఉన్నది నదిలోనే కదా మరి.

ఆదివారం నాన్నను తీసుకుని వెళ్ళు. గేటు దగ్గర ఎవరైనా పేషెంటు పేరు అడిగితే, చింతచెట్టును చూడటానికి వచ్చామని చెప్పండి. చెట్టు కింద నిలబడి, మీ క్లాసువాళ్ళందరినీ కొమ్మల మీద కూర్చోబెడితే ఎంతమంది పడతారో లెక్కపెట్టు. మా అబ్బాయి నీ వయసులో నలభై రెండు దాకా లెక్కపెట్టి, మెడ నొప్పి పుట్టి ఆపేశాడు.