పాత బోర్డు గేముకు కొత్త పెట్టె: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా దగ్గర చాలా పాత బోర్డు గేము ఉంది. బోర్డు, పావులు, కార్డులు బాగానే ఉన్నాయి. పెట్టె మాత్రం నాలుగు మూలలా చీలి పళ్లెంలా పరుచుకుపోయింది. మడిచిన బోర్డు 48 × 24 సెంటీమీటర్లు. తరచూ తీసి ఆడినా నిలిచే పెట్టె ఎలా చేయాలి?

జవాబు: చీలిన ఆ మూలను ముందు దగ్గరగా చూడండి. చాలా పాత పెట్టెల్లో అక్కడ అట్టకు అట్ట అతికి ఉండదు. పైన చుట్టిన కాగితమే రెండు గోడల్నీ పట్టి ఉంచుతుంది. మూత లాగిన ప్రతిసారీ అది కొంచెం కొంచెం నలిగి, ఒకరోజు నిలువునా చీలుతుంది. మందపాటి అట్ట వాడితే చాలనుకుంటారు గానీ, మూల బలంగా లేకపోతే 3 మి.మీ. అట్టకూ ఇదే గతి. 2 మి.మీ. గ్రే బోర్డు (పుస్తకాల బైండింగుకు వాడే బూడిద రంగు గట్టి అట్ట) తీసుకుని, శ్రమంతా మూలల మీద పెట్టండి.

మీ బోర్డుకు ఒక్కో వైపు 3 మి.మీ. ఖాళీ వదిలితే పెట్టె లోకొలత 486 × 246 మి.మీ. లోతు 50 అనుకుందాం. అడుగు అట్ట 486 × 246, పొడుగు గోడలు రెండు 486 × 52, పొట్టి గోడలు రెండు 250 × 52. గోడలు అడుగు అట్ట మీద కాకుండా దాని చుట్టూ నిలబడాలి, అందుకే ఎత్తులో ఆ అదనపు 2 మి.మీ. పొట్టి గోడలు పొడుగు గోడల చివర్లను కప్పుతాయి. అంచులకు తెల్ల జిగురు పలుచగా రాసి, మూలమట్టంతో సరిచూసి, అరగంట కదపకుండా ఉంచండి.

తర్వాత అసలు పని. 30 మి.మీ. వెడల్పు పలుచని నూలు గుడ్డ పట్టీని ప్రతి మూలకూ బయటి నుంచి నిలువుగా అతికించండి. సగం ఒక గోడ మీద, సగం రెండో గోడ మీద పడాలి. కింది కొస ఒక సెంటీమీటరు అడుగు కిందికి మడవాలి. పట్టీ కింద గాలి బుడగ మిగిలితే ఆ మూల మళ్లీ కాగితం మీదే ఆధారపడినట్టు. వేలిగోటితో గట్టిగా రుద్దండి. ఆపైన పెట్టెంతటికీ బైండింగ్ క్లాత్, అంటే పుస్తకాల అట్టలకు చుట్టే గుడ్డ, చుట్టండి.

మూత అట్ట మాత్రం అప్పుడే కోయవద్దు. గుడ్డ చుట్టిన అడుగు పెట్టె పూర్తిగా ఆరాక కొలిచి, పొడుగుకూ వెడల్పుకూ 2 మి.మీ. చొప్పున కలిపి మూత లోకొలత తీసుకోండి. తక్కువైతే గాలి లోపలికీ బయటికీ సులువుగా ఆడక మూత బిగదీసుకుంటుంది, జనం మూలలు పట్టి లాగుతారు, పెట్టె మళ్లీ మొదటికొస్తుంది. మూత గోడల ఎత్తు 44 మి.మీ. చాలు. కింద అడుగు పెట్టె 10 మి.మీ. కనబడుతుంది, చేతికి పట్టు దొరుకుతుంది.

ప్రశ్న: మూత మీద కాగితం అంటించి ఆరబెడితే విల్లులా వంగింది. జిగురు తప్పా?

జవాబు: జిగురు తప్పు కాదు. తడికి కాగితం సాగుతుంది, ఆరుతూ ముడుచుకుంటుంది, ముడుచుకుంటూ అట్టను తనవైపు లాగుతుంది. అవతలి వైపు కూడా అలాంటి కాగితమే అంటిస్తే రెండు లాగుడులూ సరితూగుతాయి. కాగితం నార దిశ (లోపలి సన్నని పోగులు బారుగా పడుకున్న వైపు), అట్ట నార దిశ ఒకటే కావాలి. కాగితాన్ని రెండు వైపులా వంచి చూడండి, సులువుగా వంగిన మడతకు సమాంతరంగా నార ఉన్నట్టు. ఇప్పటికే వంగిన మూతకూ మందు ఇదే: లోపల కాగితం అంటించి, చదునైన బరువు కింద ఒక రాత్రంతా ఉంచండి.

ప్రశ్న: పాత మూత మీది బొమ్మను కోసి కొత్త పెట్టెకు అంటించవచ్చా?

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. ఒకసారి కోస్తే ఇక పాత పెట్టె అంటూ ఉండదు. ముక్కలన్నీ కవరులో దాచండి, బొమ్మను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేసి నకలు వాడండి. స్కానర్‌లో పట్టకపోతే ఒక్కో భాగం 3 సెం.మీ. చొప్పున కలిసేలా తీసి కంప్యూటర్‌లో అతకండి. నకలును మూత అంచుల దాకా లాగవద్దు, చుట్టూ 3 మి.మీ. లోపలికి ఉంచండి. ముందు అరిగేది అంచే, ఆ రాపిడి గుడ్డ భరిస్తుంది. ఇంక్‌జెట్ ప్రింటు తడి జిగురుకు చెదరవచ్చు, అదే కాగితపు చిన్న ముక్క మీద ముందు పరీక్షించండి. పెట్టె లోపల ఒక మూల ‘కొత్తగా చేసినది’ అని, సంవత్సరంతో సహా రాయండి. రేపు ఆ గేము కొనే మనిషి మోసపోకూడదు.

ఇంకో మాట. కొన్ని గేములకు మొదటి నుంచీ బోర్డు పెట్టెలో పట్టేది కాదు. 1935లో అమెరికా గేముల కంపెనీ పార్కర్ బ్రదర్స్ అమ్మిన మోనోపలీ సెట్లలో కొన్నింటికి చిన్న పెట్టె, విడిగా బోర్డు వచ్చాయి. మీది అలాంటిదైతే రెండూ పట్టే పెద్ద పెట్టె చేసి, చిన్న పెట్టెను అందులోనే ఉంచండి.

ప్రశ్న: పావులు దేనిలో పెట్టాలి?

జవాబు: పాలిథీన్ జిప్ కవర్లలో పెట్టండి. మెత్తటి పీవీసీ సంచులు వద్దు. వాటిలోని మెత్తదనమిచ్చే రసాయనం పాలిస్టైరీన్ అనే గట్టి ప్లాస్టిక్ పావుల్లోకి దిగి జిగటగా కరిగిస్తుంది. రబ్బరు బ్యాండ్లు కార్డుల మీద మరక వదులుతాయి, కాగితపు పట్టీ చుట్టండి. సీసం కలిసిన లోహపు పావులుంటే కొత్త పెట్టెను రెండు వారాలు మూత తీసి ఆరబెట్టాకే లోపల పెట్టండి. తాజా జిగురు నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం మీద తెల్లటి పొడి లేస్తుంది.