అమ్మాయి రైఫిల్‌కి ట్యూనర్ కొనాలా?

ప్రశ్న: మా అమ్మాయి 50 మీటర్ల రైఫిల్ షూటింగ్ చేస్తుంది. ప్రోన్‌లో, అంటే బోర్లా పడుకుని కొట్టేటప్పుడు, షాట్లు పక్కలకి బాగానే ఉంటాయి గానీ పైకీ కిందికీ పడుతున్నాయి. బ్యారెల్ వణుకు వల్లేననీ, కొసకి ట్యూనర్ అనే బరువు పెట్టిస్తే పోతుందనీ తెలిసినవాళ్లు అంటున్నారు. అంత లావు ఉక్కు గొట్టం వణకడమేమిటి? కొనాలా, వద్దా?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: వణుకుతుందమ్మా, ఎంత లావైనా. ట్రిగ్గర్ నొక్కి పిన్ను తూటాని కొట్టగానే మొదలవుతుంది. బుల్లెట్ బ్యారెల్ దాటేందుకు పట్టేది రెండు మూడు మిల్లీసెకన్లే. ఆ కాస్తలోనే కొస పైకీ కిందికీ ఊగుతుంటుంది. 66 సెం.మీ. బ్యారెల్ కొస మిల్లీమీటరులో వందో వంతు లేచినా, 50 మీటర్ల దగ్గర ముప్పావు మిల్లీమీటరు తేడా వస్తుంది. లక్ష్యం నట్టనడుమ ఉండే పది రింగు వెడల్పు మొత్తం 10.4 మి.మీ.

ఈ ఊపు ప్రతిసారీ ఒకేలా ఉంటే ఇబ్బంది లేదు, గురి చూసే సైటు తిప్పుకుంటే సరిపోతుంది. పేచీ అంతా బుల్లెట్ వేగంలో ఉంది. ఒకే పెట్టెలోని .22 తూటాలు కూడా ఒకే వేగంతో పోవు. సెకనుకు 330 మీటర్లతో పోయేదాని కంటే 320తో పోయేది లక్ష్యం దగ్గర దాదాపు 8 మి.మీ. కిందికి దిగుతుంది. మీ అమ్మాయి షాట్లు నిలువునా పరుచుకోవడానికి ఇదొక కారణం కావచ్చు.

ట్యూనర్ అంటే కొసకి బిగించి ముందుకీ వెనక్కీ జరుపుకునే బరువు. వణుకుని అది ఆపదు, దాని వేళని మారుస్తుంది. కొస పైకి లేస్తున్న సమయంలో బుల్లెట్లు బయటపడేలా కుదిరిందనుకోండి, ఆలస్యంగా వచ్చే నిదానపు బుల్లెట్‌కి కొస కాస్త ఎత్తులో దొరుకుతుంది. దాంతో నిదానపుదీ వేగందీ దగ్గర దగ్గరగా పడతాయి. పాత బ్రిటిష్ సైన్యపు రైఫిల్ .303 లీ-ఎన్‌ఫీల్డ్ దగ్గరి దూరాల కంటే వెయ్యి గజాల దగ్గర మెరుగ్గా కొడుతుందని పేరు తెచ్చుకున్నది ఇలాంటి గుణంతోనే. దానికి ఎవరూ ట్యూనర్ పెట్టలేదు!

ఇప్పుడే డబ్బు పెట్టకండి. ముందు రైఫిల్‌ని బెంచి మీద ఇసుక సంచులపై ఆనించి, గాలి లేని ఉదయం కొట్టించండి. అక్కడ నిలువు సాగు పోయిందా, తప్పు రైఫిల్‌ది కాదు: స్లింగ్ (చేతికీ రైఫిల్‌కీ కలిపి కట్టే పట్టీ) సడలడమో, మోచేయి జారడమో, ఊపిరి ప్రతిసారీ ఒకేచోట ఆపకపోవడమో. నా లెక్కలో పిల్లల విషయంలో ఎక్కువగా ఇవే. పోకపోతే రైఫిల్ లోహ భాగాన్ని స్టాకుకి పట్టి ఉంచే యాక్షన్ స్క్రూల బిగువు టార్క్ రెంచితో (బిగువు కొలిచే పానాతో) చూడండి, తర్వాత రెండు మూడు వేరే లాట్ల, అంటే వేరే విడతల్లో తయారైన, తూటాలు తెప్పించండి. పెద్ద షూటర్లు రైఫిల్‌ని బిగించి లాట్లు ఎంచుకునేది ఊరికే కాదు.

ఇవన్నీ అయ్యాకే ట్యూనర్. అది రైఫిల్ ముందు కొస బరువు పెంచుతుంది, నిలబడి కొట్టేటప్పుడు ఎడమ చేతికి తెలుస్తుంది. పోటీల్లో రైఫిల్ బరువుకున్న పరిమితికి దాన్నీ కలిపే తూస్తారు. కొంటే ఒకే లాట్‌తో, ట్యూనర్ మీది ఒక్కో గుర్తు దగ్గర అయిదేసి షాట్ల గ్రూపులు కొన్ని కొట్టించి ఎత్తు మాత్రమే కొలవండి. ఒక్క అందమైన గ్రూపు చూసి మురిసిపోకండి, అది అదృష్టమూ కావచ్చు. కుదిరిన చోట బిగించి గీత పెట్టుకోండి. లాట్ మారిన రోజు మళ్లీ కొలవాలి.